లేకాక్ మఠంలో ఒక కిటికీ

మా నాన్నగారు ముప్ఫై ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపారు. చీకటి గదిలో ఎర్ర దీపం కింద, ట్రేలో ఊగుతున్న తెల్ల కాగితం మీద ఒక ముఖం మెల్లగా పైకి తేలి రావడాన్ని చిన్నప్పుడు నేను ఆయన పక్కన పీట వేసుకుని నిలబడి ఎన్నోసార్లు చూశాను. ఈ వసంతంలో ఆయన బ్రిస్టల్‌లోని మా ఇంటికి వచ్చి రెండు నెలలు ఉన్నారు. ఇంగ్లండులో ఏమి చూడాలని ఉందని అడిగితే లండన్ పేరు గానీ రాజకోటల పేరు గానీ ఎత్తకుండా, "నెగటివ్ పుట్టిన ఇల్లు మీకు దగ్గరలోనే ఉందటగా అమ్మా, అది చూపించు చాలు" అన్నారు.

ఆ ఇల్లు ఉన్న ఊరు లేకాక్. విల్ట్‌షైర్‌లో ఏవన్ నది ఒడ్డున ఉంది. బ్రిస్టల్‌లో రైలెక్కితే అరగంట లోపే చిప్పెన్‌హామ్ వస్తుంది, అక్కడి నుంచి దక్షిణంగా మరో మూడు మైళ్లు బస్సులో వెళ్లాలి. మే నెలలో ఒక పొద్దున, వాన వెలిసినా రోడ్లింకా తడిగా ఉండగానే ఊరి మొదట్లో దిగాము. ఇంతకు ముందు నేను ఇక్కడికి రెండుసార్లు వచ్చాను కానీ, ఆ రెండుసార్లూ స్నేహితుల వెంట గంటన్నరలో చుట్టేసి వెళ్లిపోయాను. ఈసారి సాయంత్రం దాకా ఉన్నాము. లేకాక్‌కు ఒక పూర్తి రోజు ఇవ్వాలి. అంతకంటే తక్కువ ఇస్తే వీధులు కనిపిస్తాయి గానీ ఊరు కనిపించదు.

ఊరు చాలా చిన్నది. హై స్ట్రీట్, వెస్ట్ స్ట్రీట్, చర్చ్ స్ట్రీట్, ఈస్ట్ స్ట్రీట్ అని నాలుగు వీధులు ఒకదానితో ఒకటి కలిసి చదరంగా ఉంటాయి, ఊరంటే దాదాపు అంతే. హై స్ట్రీట్ మాత్రం మిగతావాటి కంటే బాగా వెడల్పు, ఎందుకంటే ఒకప్పుడు అక్కడ సంత జరిగేది. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కొన్ని రాతివి, కొన్ని ఇటుకవి, చాలావాటికి ముదురు రంగు దూలాల చట్రం, ఆ దూలాల మధ్య తడిక అల్లి మట్టి మెత్తి సున్నం పూసిన గోడలు. పై అంతస్తు కొంచెం వీధి మీదికి వంగి ఉంటుంది. గోడలేవీ నిటారుగా లేవు, కిటికీలేవీ ఒకే వరసలో లేవు, అయినా ఎక్కడా శిథిలమైన భావన కలగదు, ఎందుకంటే ప్రతి గుమ్మంలోనూ మనుషులు ఉన్నారు. ఒక ఇంటి ముందు పాల సీసాలు, ఒక ఇంటి ముందు పిల్లవాడి సైకిల్, ఇంకో ఇంటి అరుగు మీద అమ్మకానికి పెట్టిన పూల కుండీలు, పక్కన డబ్బులు వేయడానికి ఒక డబ్బా.

చర్చ్ స్ట్రీట్‌లో ఒక ఇంటి దగ్గర నాన్నగారు చాలాసేపు ఆగిపోయారు. ఆ ఇంటి పక్కగోడలో నేల దగ్గర నుంచి కప్పు దాకా వంగుతూ లేచిన పెద్ద దుంగ ఒకటి బయటికి కనిపిస్తుంది. వంపు తిరిగిన చెట్టును నిలువునా రెండుగా చీల్చి, ఆ రెండు సగాలనూ ఎదురెదురుగా నిలబెట్టి పైన కలిపితే ఇంటికి వెన్నెముక తయారవుతుంది. దీన్ని ఇక్కడ క్రక్ అంటారు. 14వ శతాబ్దపు పద్ధతి అది. ఆ ఓక్ చెక్క ఎండకూ వానకూ బూడిద రంగుకు తిరిగి, వెండి పూత పూసినట్టుంది. అతుకుల దగ్గర ఇనుప మేకులు లేవు, బొటనవేలంత చెక్క చీలలు దిగ్గొట్టారు. ఒక చీల తల కొద్దిగా బయటికి పొడుచుకొచ్చి, ఏళ్ల తరబడి దారిన పోయేవాళ్ల చేతులు తగిలి తగిలి నున్నగా మెరుస్తోంది. మేమూ చెయ్యి వేసి వచ్చాము.

వీధుల్లో కాసేపు తిరిగాక, ఏదో లేదనిపిస్తుంది గానీ ఆ లేనిదేమిటో వెంటనే తట్టదు. తల పైకెత్తి చూస్తే తెలుస్తుంది: కరెంటు తీగలు లేవు, ఇళ్ల మీద టీవీ ఆంటెన్నాలు లేవు. తీగలన్నీ భూమిలో నుంచి వెళ్తాయి. సినిమాలూ టీవీ ధారావాహికలూ తీసేవాళ్లు పాతకాలపు వీధి కావలసినప్పుడల్లా ఇక్కడికి రావడానికి కారణం ఇదే. ఊరంతా దాదాపుగా నేషనల్ ట్రస్ట్ అనే ధర్మసంస్థది. ఇళ్లలో ఉన్నవాళ్లు ఆ సంస్థకు అద్దె కట్టుకుని కాపురం ఉంటున్నవాళ్లు. ఇక్కడ బడి ఉంది, రొట్టెల దుకాణం ఉంది, చర్చిలో ప్రార్థనలు జరుగుతాయి. అందువల్ల దీన్ని మ్యూజియం అనడం నాకు ఇష్టం ఉండదు.

ఊరు ఇలా నిలిచిపోవడానికి కారణం ఉన్ని. మధ్యయుగాల్లో ఈ ప్రాంతమంతా గొర్రెల ఉన్నితో, నేతతో బాగుపడింది. ఆ డబ్బుతోనే ఈ ఇళ్లు, ఈ చర్చి ఇంత దిట్టంగా లేచాయి. తర్వాతి కాలంలో నేత పని యంత్రాల దగ్గరికి, పెద్ద పట్టణాలకు తరలిపోయాక, పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత ఊళ్లో ఎవరికీ మిగలలేదు. పైగా ఊరంతా ఒకే జమీందారీ కింద ఉండటం వల్ల ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోలేదు. 18వ శతాబ్దం దాటాక కట్టిన ఇల్లు ఇక్కడ అరుదు. మనం ముచ్చటపడి ఫొటోలు తీసుకునే ఈ వీధుల వెనక ఎన్నో తరాల నేతగాళ్ల లేమి ఉందన్న సంగతి మరచిపోకూడదు.

మధ్యాహ్నం భోజనానికి వెస్ట్ స్ట్రీట్‌లోని జార్జ్ ఇన్‌కు వెళ్లాము. చాలా పాత పూటకూళ్ల ఇల్లు అది. అక్కడి పెద్ద పొయ్యి పక్కన గోడకు ఒక చెక్క చక్రం బిగించి ఉంది. మాంసం గుచ్చిన ఊచ మంట మీద సమంగా తిరగడానికి, పూర్వం ఆ చక్రంలో కుక్కను పెట్టి నడిపించేవారు. అందుకోసమే పొట్టి కాళ్ల కుక్కల జాతి ఒకటి ఉండేది, ఇప్పుడది లేదు. ఆ చక్రం లోపలి అంచు చూస్తూ నాన్నగారు పళ్లెం ముందు చాలాసేపు మాట్లాడలేదు. ఈస్ట్ స్ట్రీట్ మూలలో మఠం వాళ్ల ధాన్యపు కొట్టు ఉంది, అదీ 14వ శతాబ్దానిదే. రైతులు మఠానికి ఇవ్వవలసిన శిస్తును ధాన్యంగా, తోళ్లుగా, ఉన్నిగా తెచ్చి అక్కడ పోసేవారు. దాని పక్కనే కిటికీ లేని చిన్న రాతి గది, తాగి గొడవ చేసేవాళ్లను రాత్రికి అందులో పెట్టి తాళం వేసేవారు. దాని పేరే గుడ్డి ఇల్లు.

ఇక మఠం. నాన్నగారు చూడాలన్న ఇల్లు ఇదే. ఊరికి తూర్పున, ఏవన్ నదికి దగ్గరగా, పచ్చిక బయళ్ల మధ్య ఉంటుంది. దూరం నుంచి చూస్తే జమీందారు గారి భవంతిలా కనిపిస్తుంది, దగ్గరికి వెళ్లి లోపల కాలు పెడితే మఠం బయటపడుతుంది.

దీన్ని కట్టించిన ఆవిడ పేరు ఈలా. సాల్స్‌బరీ సంస్థానానికి ఆవిడ తన హక్కుతోనే కౌంటెస్, భర్త వల్ల వచ్చిన బిరుదు కాదది. భర్త విలియం లాంగెస్పీ, రెండవ హెన్రీ రాజుకు వివాహేతర సంతానం. 1225లో ఫ్రాన్సు నుంచి తిరిగి వస్తుండగా ఆయన ఓడ తుపానులో చిక్కుకుని, నెలల తరబడి జాడ తెలియలేదు. ఆయన పోయాడనే అందరూ అనుకున్నారు. అప్పటి రాజ్యంలో చక్రం తిప్పుతున్న హ్యూబర్ట్ డి బర్గ్ తన బంధువుకు ఈలాను ఇచ్చి చేయాలని రాయబారం నడిపితే, ఆవిడ ఒప్పుకోలేదు. నా భర్త బతికే ఉన్నాడని వార్త వచ్చిందని చెప్పి వాళ్లను తిప్పి పంపిందట. ఆయన నిజంగానే తిరిగి వచ్చాడు గానీ, 1226లో మరణించాడు. అప్పుడప్పుడే కడుతున్న సాల్స్‌బరీ కథీడ్రల్‌లో ఆయన సమాధి ఉంది.

ఆ తర్వాత ఈలా మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆ రోజుల్లో అంత ఆస్తి ఉన్న వితంతువును రాజు తనకు కావలసినవాడికి కట్టబెట్టడం మామూలే కనుక, ఆ మాట మీద నిలబడటం తేలిక కాదు. ఆవిడ విల్ట్‌షైర్‌కు షెరీఫ్‌గా, అంటే రాజు తరఫున జిల్లా వ్యవహారాలు చూసే అధికారిగా కూడా పని చేసింది. ఆ పదవిలో ఒక స్త్రీ ఉండటం ఆ కాలంలో బహు అరుదు. 1232 ఏప్రిల్ 16న ఆవిడ ఒకే రోజున రెండు మఠాలకు శంకుస్థాపన చేసింది: పొద్దున లేకాక్‌లో సన్యాసినులకు, మధ్యాహ్నం హింటన్‌లో సన్యాసులకు అని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. కొన్నేళ్లకు తానే లేకాక్ మఠంలో చేరి, తొలి మఠాధిపతి అయి, 1257 దాకా ఆ బాధ్యత మోసి, 1261లో ఇక్కడే కన్ను మూసింది.

మఠం లోపలి చతురస్రపు నడవాను క్లాయిస్టర్ అంటారు. ఇప్పుడు కనిపించేది 15వ శతాబ్దంలో తిరిగి కట్టినది. పైకప్పులో రాతి పక్కటెముకలు చెట్ల కొమ్మల్లా విచ్చుకుని, అవి కలిసే ప్రతి చోటా ఒక చెక్కడం ఉంటుంది: ఒకచోట ఆకులు, ఒకచోట జంతువు, ఒకచోట ముఖం. ఈలా సమాధి మీదిదని చెప్పే రాతి పలక ఈ నడవాలోనే ఉంది. ఒకప్పుడు చర్చి లోపల ఉండేది. నడవా నుంచి లోపలికి వెళ్తే సన్యాసినులు రోజూ సమావేశమయ్యే చాప్టర్ హౌస్ ఉంది, ఆ తర్వాత చలి కాచుకునే గది. రోజంతా చల్లటి రాతి మధ్య గడిపే ఆ స్త్రీలకు నెగడు దొరికే కొద్ది చోట్లలో అదొకటి. అందులో పెద్ద కంచు కొప్పెర ఉంది. 1500లో మలీన్ పట్టణంలో, అంటే నేటి బెల్జియంలో, పోత పోసినదని దాని మీదే రాసి ఉంది. లోపలికి తొంగి చూస్తే నలుగురు పిల్లలు కూర్చునేంత చోటు ఉన్నట్టు అనిపించింది.

ఆ గదిలో నాకు బాగా గుర్తుకొచ్చిన సంగతి ఒకటుంది. ఎనిమిదవ హెన్రీ మఠాలన్నిటినీ మూసివేయించే ముందు తనిఖీకి మనుషులను పంపాడు. 1535లో లేకాక్ వచ్చిన అధికారి ఇక్కడి సన్యాసినులను తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదని రాశాడు. వాళ్ల నియమాల గ్రంథం ఫ్రెంచిలో ఉందనీ, అది అప్పుడు జనం మాట్లాడుతున్న ఫ్రెంచి కాక న్యాయస్థానాల్లో మిగిలిన పాత ఫ్రెంచి అనీ, వాళ్లకు అది చక్కగా అర్థమవుతుందనీ కూడా రాశాడు. బయట ప్రపంచం మరిచిపోయిన భాషను మూడు వందల ఏళ్లపాటు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ ఈ గోడల మధ్య నిలబెట్టుకున్నారన్నమాట. డబ్బు కట్టి కొంతకాలం మూసివేత తప్పించుకున్నారు. చివరికి 1539 జనవరిలో మఠాన్ని రాజుకు అప్పగించక తప్పలేదు.

మరుసటి ఏడాది దాన్ని విలియం షారింగ్టన్ అనే ఆయన 783 పౌండ్లకు కొన్నాడు. చర్చిని పడగొట్టించాడు. నడవానూ, దాని చుట్టూ ఉన్న గదులనూ మాత్రం ఉంచేసి, వాటి పైన తన ఇల్లు కట్టుకున్నాడు. చాలా మఠాలను కొన్నవాళ్లు సన్యాసినుల గదులు కూడా కూల్చారు. ఇక్కడ అవి వంటసామాను పెట్టుకోవడానికో, మరొకందుకో పనికొచ్చి బతికిపోయాయి. మూలన ఎనిమిది పలకల బురుజు కట్టించి, అందులో తన విలువైన వస్తువులు దాచుకున్నాడు. ఆయన బ్రిస్టల్ టంకశాలలో అధికారి, అక్కడ నాణేలలో మోసం చేసి 1549లో పట్టుబడి, ఆస్తి అంతా పోగొట్టుకుని, తర్వాత క్షమాభిక్ష పొంది మళ్లీ సంపాదించుకున్నాడు. ఊరి చర్చి సెయింట్ సిరియాక్‌లో ఆయన సమాధి ఉంది. రాతి పని అందంగా ఉంటుంది. నాకు ఆ మనిషి మీద కోపం పోలేదు.

చర్చి ఈ నడవాకు దక్షిణాన ఉండేది. దాని ఉత్తరపు గోడే ఇప్పటి ఇంటికి దక్షిణపు గోడ. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే తక్కినదంతా అర్థమవుతుంది. చర్చి నిలబడి ఉన్నంతకాలం ఈ గోడ మీద ఎండ పడలేదు. చర్చి పోయాక దక్షిణపు వెలుతురు మొదటిసారి దీని మీద పడింది. దాని మీదనే తర్వాతివాళ్లు పొడవాటి వసారా లాంటి గది కట్టుకున్నారు, పేరు సౌత్ గ్యాలరీ. 1830 ప్రాంతంలో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అనే వారసుడు ఆ గదికి బయటికి పొడుచుకొచ్చే ఓరియల్ కిటికీలు పెట్టించాడు.

నాన్నగారు చూడాలనుకున్నది ఆ కిటికీలలో ఒకటి.

టాల్బట్ 1800లో పుట్టాడు. పసివాడుగా ఉండగానే తండ్రి అప్పులు మిగిల్చి చనిపోతే, ఇల్లు అద్దెకు ఇచ్చి, తల్లి కొడుకుతో వేరేచోట్ల గడిపింది; 1827లో గానీ వాళ్లు లేకాక్‌కు తిరిగి రాలేదు. ఆయనకు లెక్కలు వచ్చు, మొక్కల శాస్త్రం వచ్చు, కొన్నాళ్లు చిప్పెన్‌హామ్ తరఫున పార్లమెంటు సభ్యుడు కూడా. రానిది బొమ్మ వేయడం. 1833లో భార్య కాన్‌స్టన్స్‌తో ఇటలీలోని కోమో సరస్సు దగ్గరికి వెళ్లినప్పుడు, దృశ్యాన్ని కాగితం మీద చూపించే పట్టకం సాయంతో గీయబోయినా గీత కుదరలేదు. కాగితం మీద పడుతున్న ఆ వెలుతురు తనంతట తానే అక్కడ నిలిచిపోతే ఎంత బాగుంటుందన్న ఆలోచన ఆయనకు అక్కడ వచ్చింది.

ఇంటికి వచ్చాక ఆయన చేసిన పద్ధతి నాన్నగారు నాకు ఆ గదిలో నిలబడే వివరించారు. మంచి రాత కాగితాన్ని పలుచటి ఉప్పు నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. దాని మీద సిల్వర్ నైట్రేట్ పూయాలి. ఉప్పూ వెండీ కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది, అది వెలుతురు తగిలిన చోట నల్లబడుతుంది. అందుకే వెలుగున్నచోట నలుపు, నీడ ఉన్నచోట తెలుపు వస్తుంది. తర్వాత ఇంకా చిక్కటి ఉప్పు నీళ్లలో కడిగితే మిగిలిన చోట్ల నల్లబడటం చాలావరకు ఆగిపోతుంది. ఈ కాగితాలను పెట్టడానికి టాల్బట్ అరచేతిలో పట్టే చిన్న చిన్న చెక్క పెట్టెలు చేయించి, కటకం బిగించి, ఇంటి చుట్టూ అక్కడొకటి ఇక్కడొకటి పెట్టి వదిలేసేవాడు. అవి కాన్‌స్టన్స్‌కు ఎలుకల బోనుల్లా కనిపించాయి, ఆ పేరే పెట్టింది.

1835 ఆగస్టులో అలాంటి పెట్టె ఒకటి సౌత్ గ్యాలరీలో, కిటికీకి ఎదురుగా కూర్చుంది. వచ్చిన నెగటివ్ తపాలా బిళ్ల కంటే కాస్త పెద్దది, అంతే. ఊదారంగు కాగితం మీద సీసపు గీతల మధ్య చిన్న చిన్న అద్దపు పలకలు. కెమెరాతో తీసి నేటికి మిగిలిన నెగటివ్‌లలో అంతకంటే పాతది లేదు. అసలుది బ్రాడ్‌ఫోర్డ్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. టాల్బట్ దాన్ని అట్ట మీద అతికించి, కింద తన చేతిరాతతో ఒక మాట రాశాడు: కొత్తగా తీసినప్పుడు భూతద్దం పట్టుకుని చూస్తే ఇందులోని అద్దపు పలకలు, సుమారు రెండు వందలు, లెక్కపెట్టగలిగేవాళ్లం అని.

ఆ కిటికీ నేను అనుకున్నదాని కంటే చిన్నది. ముందుకు పొడుచుకొచ్చిన మూడు వైపులా సన్నటి సీసపు పట్టీలు, వాటి మధ్య అరచేతి కంటే చిన్న అద్దపు పలకలు. పాత గాజు కనుక కొన్ని పలకల్లో బయటి చెట్టు కొద్దిగా వంకరగా, నీళ్లలో కనిపించినట్టు కనిపిస్తుంది. ఒక పలకలో బుడగ ఉంది, ఆవగింజంత. నాన్నగారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, వేలు గాలిలోనే ఉంచి పలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. వెనక జనం పోగయ్యారు. అక్కడ సేవకు నిలబడ్డ పెద్దావిడ నవ్వుతూ పక్కకు రమ్మని చెయ్యి ఊపింది. లెక్క తప్పింది.

"ఏంటి నాన్నా, నిజంగా లెక్కపెడుతున్నారా?" అన్నాను.

"ఆయన లెక్కపెట్టాడమ్మా. తీసింది సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి మేమూ అదే చేసేవాళ్లం. పెళ్లి గ్రూపు ఫొటోలో వెనక వరసలో ఉన్నవాళ్ల కళ్లు లెక్కపెట్టేవాణ్ణి" అన్నారు.

నెగటివ్ అన్న పేరు టాల్బట్ పెట్టింది కాదు, ఆయన స్నేహితుడు జాన్ హెర్షెల్ పెట్టాడు. ఫొటోలో బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో ద్రావణం కూడా హెర్షెల్ ఇచ్చిందే. వెండి లవణాలను ఆ ద్రవం కరిగించేస్తుందని హెర్షెల్‌కు ఇరవై ఏళ్ల కిందటే తెలుసు. 1839 ఫిబ్రవరిలో ఆ సంగతి టాల్బట్‌కు చెప్పాడు. ఉప్పు నీళ్లు కేవలం నల్లబడటాన్ని మందగింపజేస్తాయి, హైపో అసలు మిగిలిన వెండి లవణాన్నే కడిగేస్తుంది. నాన్నగారి చేతి వేళ్లకు ఏళ్ల తరబడి ఉండిపోయిన ఆ వాసన, మా ఇంట్లో సబ్బుతో ఎంత రుద్దినా పోని ఆ వాసన, ఇక్కడి నుంచి బయలుదేరినదే. ఆ మాట ఆయనకు చెబితే తన వేళ్ల వైపు ఒకసారి చూసుకున్నారు.

1839 జనవరిలో పారిస్‌లో, లోహపు రేకు మీద ఫొటో తీసే డగేర్ అనే ఆయన పద్ధతిని ప్రకటించగానే, టాల్బట్ తన పాత కాగితాలు వెతికి తీసి జనవరి 25న లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రదర్శనకు పెట్టాడు, 31న రాయల్ సొసైటీలో వ్యాసం చదివించాడు. ఈ మఠం సన్యాసినుల చేతుల్లోంచి పోయి అప్పటికి సరిగ్గా మూడు వందల ఏళ్లు. ఆ వ్యాసంలో ఆయన తన ఇంటి గురించి, తన బొమ్మను తానే గీసుకున్న మొట్టమొదటి భవనం ఇదేనని నమ్ముతున్నట్టు రాశాడు. డగేర్ రేకు మీద వచ్చే బొమ్మ ఎంతో స్పష్టం, కానీ అది ఒక్కటే, దానికి నకలు లేదు. టాల్బట్ కాగితపు నెగటివ్ ఒక్కటి ఉంటే దాని నుంచి ఎన్ని కావాలంటే అన్ని ప్రింట్లు వేసుకోవచ్చు. 1840లో ఆయన ఇంకో అడుగు వేసి, కంటికి కనిపించకుండా కాగితంలో దాగిన బొమ్మను గాలిక్ ఆమ్లంతో బయటికి రప్పించే కాలోటైప్ పద్ధతిని కనిపెట్టాడు. ట్రేలో ఊగే కాగితం మీద ముఖం తేలి రావడం అప్పటిదే. ఆ పద్ధతికి 1841లో ఆయన పేటెంటు తీసుకోవడం వల్ల ఇంగ్లండులో అది త్వరగా వ్యాపించలేదన్న విమర్శ ఉంది, అది నిజమే అనుకుంటాను. నాన్నగారు మాత్రం ఆయన పక్షమే.

ఇంట్లో చూడవలసిన గదులు ఇంకా ఉన్నాయి. 1750లలో శాండర్సన్ మిల్లర్ కట్టిన గోథిక్ హాలులో గోడ నిండా గూళ్లు, వాటిలో మట్టి కాల్చి చేసిన విగ్రహాలు. వాటిలో ఒక మేక ముక్కు మీద చక్కెర గడ్డ ఒకటి ఉంటుంది, వందేళ్ల కిందట ఎవరో విద్యార్థులు పెట్టి వెళ్లారు, నాటి నుంచి మానకుండా పెడుతూనే ఉన్నారు. ముఖద్వారం దగ్గర పాత కొట్టంలో టాల్బట్ పేరుతో ఫొటోగ్రఫీ మ్యూజియం కూడా ఉంది.

ఇంత ఇల్లూ, ఇంత ఊరూ మన చేతికి వచ్చింది మటిల్డా టాల్బట్ వల్ల. ఆవిడ ఫాక్స్ టాల్బట్ మనవరాలు. 1916లో మేనమామ ఆస్తి ఆవిడకు వచ్చింది, పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. 1944లో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, మఠాన్నీ ఊరినీ కలిపి నేషనల్ ట్రస్ట్‌కు రాసి ఇచ్చేసింది. ఇంటిని ఇచ్చి ఊరిని అమ్ముకుని ఉంటే ఆవిడకు ఎంత డబ్బు వచ్చేదో. రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా అనే పత్రానికి, ఇక్కడ ఏడు వందల ఏళ్లుగా దాచి ఉంచిన 1225 నాటి ప్రతిని కూడా, విల్ట్‌షైర్ జిల్లా కోసం పంపిన ప్రతి అది, 1946లో దేశానికి ఇచ్చేసింది. ఇప్పుడది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆ పత్రానికి సాక్షులుగా ఉన్నవాళ్లలో ఈలా భర్త విలియం ఒకడు. ఒక స్త్రీ తన ఆస్తితో మొదలుపెట్టినదాన్ని ఇంకొక స్త్రీ తన ఆస్తితో కాపాడిందని గైడు పుస్తకాలు ఒక వాక్యంలో తేల్చేస్తాయి గానీ, మటిల్డా పేరు ఊరి మొదట్లోనే పెద్ద అక్షరాలతో ఉండాలని నాకు అనిపిస్తుంది.

సాయంత్రం నాలుగు దాటాక దక్షిణపు పచ్చికలోకి వెళ్లాము. చర్చి నిలబడ్డ చోటు అదే. ఇప్పుడక్కడ పునాది గీత కూడా కంటికి ఆనదు, గడ్డి, డైసీ పూలు, కొంచెం అవతల చెట్లు, ఇంకా అవతల నది. నాన్నగారు ఇంటి గోడ పొడవునా ఒక చివరి నుంచి ఇంకో చివరికి అడుగులు వేసుకుంటూ నడిచారు. ఏమిటని అడగలేదు. వాన మబ్బు విడిపోయి, వాలిన ఎండ ఆ గోడ మీద పడుతోంది. రాయి తేనె రంగుకు తిరిగింది. ఓరియల్ కిటికీల అద్దపు పలకలు, ఒక్కొక్కటీ ఒక్కొక్క కోణంలో బిగించి ఉన్నందువల్ల, అన్నీ ఒకేసారి మెరవకుండా కొన్ని వెలిగి, కొన్ని నల్లగా ఉన్నాయి.

నాన్నగారు గడ్డిలో నిలబడి ఆ కిటికీని ఎలా పోల్చుకున్నారో తెలియదు, నేను చెప్పక ముందే వేలు పెట్టి చూపించారు. కళ్లజోడు మళ్లీ తుడుచుకున్నారు. ఇక్కడ వెనక నుంచి ఎవరూ జరగమని అనరు. ఈసారి పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు, కింది వరస నుంచి. నేను గడియారం చూసుకుంటూ పక్కన నిలబడ్డాను. చిప్పెన్‌హామ్ వెళ్లే బస్సుకు పావుగంట ఉందనగా, "ఎంతవరకు వచ్చింది నాన్నా?" అని అడిగాను.

"ఎండ పడ్డవి వరకు అయ్యాయి. నీడలో ఉన్నవి అందడం లేదమ్మా. మధ్యాహ్నం పూట రావాలి" అన్నారు.

జులైలో తిరుగు ప్రయాణానికి ముందు ఇంకోసారి వెళ్లడానికి ఆ రాత్రే టికెట్లు తీశాను.